పిన్నికి గిట్టని కుక్క

వానలు మొదలైతే మా అపార్టుమెంటు వాచ్‌మన్ లిఫ్టు ముందు గోనెపట్టాలు పరుస్తాడు. అందరి చెప్పుల తడీ పీల్చుకుని సాయంత్రానికల్లా అవి బరువెక్కిపోతాయి. పక్కనే మెట్లు ఫినాయిలుతో తుడుస్తారు. మొన్న కూరగాయల సంచితో పైకి వస్తుంటే ఆ తడి గోనె వాసన, ఫినాయిలు వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకి తగిలాయి. లిఫ్టు తలుపు తెరుచుకుంది, మూసుకుంది, ఖాళీగా పైకి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఎదురింటావిడ వచ్చి, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. "బాగానే ఉందండీ. ఒకావిడ గుర్తొచ్చారు" అన్నాను. ఎవరని ఆవిడ అడగలేదు. అడిగితే లిఫ్టు ముందు నిలబడి చెప్పగలిగే సంగతి కాదు. ఆ గుర్తొచ్చిన మనిషి పేరు సన్యాసమ్మ. జంషెడ్‌పూర్‌లో మా పక్కింటావిడ. నేను పిన్నీ అని పిలిచేదాన్ని.

డెబ్బైల చివర్లో పెళ్లయి నేను ఆ ఊరు వెళ్లాను. మాది రాజమండ్రి. నీళ్లు కూడా ఒకరు తోడి పెడితే స్నానం చేసినదాన్ని. మావారికి ఉక్కు కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగం. సిద్ధగోరాలో మాకిచ్చిన క్వార్టరుకూ పక్క క్వార్టరుకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. గోడ అవతల సన్యాసమ్మ పిన్నీ, ఆవిడ భర్త అప్పలస్వామిగారూ ఉండేవారు. శ్రీకాకుళం వైపు పల్లెటూరి నుంచి ఎప్పుడో కుర్రతనంలో వచ్చేశారు. ఆయన మిల్లులో క్రేను నడిపేవారు. ఉన్న ఒక్క కూతురికీ పెళ్లి చేసి రాయపూర్ పంపేశారు. పిన్నికి అప్పటికే యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేవారు. నవ్వడం తక్కువ. నేను వెళ్లిన మర్నాడు బొగ్గుల పొయ్యి అంటుకోక ఇల్లంతా పొగ చేసుకుని కళ్లు తుడుచుకుంటుంటే, పిలవకుండానే వచ్చి, పుల్లలు పేర్చి, పిడకముక్క పెట్టి అంటించారు. అంటించి లేచి నిలబడి, "సూసినావు కదా. రేపు నువ్వే ఎలిగించుకో. నాను రాను" అని వెళ్లిపోయారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మర్నాడు ఆవిడ నిజంగానే రాలేదు. నేనే వెలిగించుకున్నాను.

వాళ్లింట్లో షేరూ అనే కుక్క ఉండేది. ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి ఉండేది. పెళ్లైన కూతుర్ని టాటానగర్ స్టేషన్లో రైలెక్కించి వస్తున్నప్పుడు ప్లాట్‌ఫారం చివర దొరికిన కుక్కపిల్లని అప్పలస్వామిగారు టిఫిను సంచిలో వేసుకుని తెచ్చారట. ఇల్లు బోసిపోయిన రోజున వచ్చింది కాబట్టి ఆయనకది కుక్కలా కనిపించేది కాదు. షిఫ్టు నుంచి వచ్చి సైకిలు గోడకి ఆనించి, బూట్లు విప్పకుండానే దానితో కబుర్లు మొదలుపెట్టేవారు. మిల్లులో ఎవరితో తగువైందో, క్యాంటీనులో కూర ఎంత చప్పగా ఉందో అన్నీ దానికే చెప్పేవారు. పిన్నికి మాత్రం కుక్కలంటే గిట్టదు. దాని తోక తగిలిన చీరతో వంటింట్లోకి వెళ్లేవారు కాదు, మళ్లీ స్నానం చేసేవారు. సత్తుపళ్లెంలో అన్నం పెట్టి కర్రతో దాని ముందుకి తోసేవారు. "అది ఆయన సుట్టం పాపా. నాకేటీ కాదు" అనేవారు. షేరూకి ఆ సంగతి తెలుసు. వరండా దాటి లోపలికి ఒక్క కాలు కూడా పెట్టేది కాదు. పిన్ని బయటికి వస్తుంటే తనే లేచి పక్కకి తప్పుకునేది.

నేను వెళ్లిన రెండో వానాకాలంలో షేరూకి జబ్బు చేసింది. మొదట కళ్లలో పుసులు కట్టాయి. ముక్కు కారింది. తిండి తగ్గింది. వానకి జలుబు చేసిందనుకున్నాం. తర్వాత ఒకరోజు కూర్చున్నది కూర్చున్నట్టే దవడలు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నోట్లో లేనిదేదో నములుతున్నట్టు ఆగకుండా నమిలింది, మూతి నుంచి నురగ కారింది, పక్కకి ఒరిగిపోయి కాళ్లు కొట్టుకుంది. అప్పలస్వామిగారు చూసి వరండా స్తంభం పట్టుకుని కూలబడిపోయారు. క్రేను మీద అంత ఎత్తున కూర్చుని కాలుతున్న ఇనుప దిమ్మలు మోసే మనిషి, పాలిపోయిన మొహంతో నా వైపు చూసి, "నాను సూడనేను పాపా. మీ పిన్నికి తోడు నువ్వెళ్లు" అన్నారు. పిన్ని గోనెసంచి తెచ్చి, చేతికి తువ్వాలు చుట్టుకుని, దాన్ని సంచి మీదకి దొర్లించి, "రిక్షా పిలు" అన్నారు. ఆవిడ షేరూని ముట్టుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

పశువుల డాక్టరు పెద్దవయసు బెంగాలీ ఆయన. కనురెప్పలు ఎత్తి చూశారు, పాదాల అడుగున చేత్తో తడిమి చూశారు. ఇది పిచ్చి కాదని ముందే చెప్పారు. కుక్కలకి వచ్చే అంటుజబ్బట, డిస్టెంపర్ అన్నారు. మనుషులకి అంటదు కానీ దీనికి అప్పటికే నరాలకి ఎక్కేసిందట. మూర్ఛలు పెరుగుతాయి, వెనక కాళ్లు పడిపోతాయి, మందు లేదు. "యే ఠీక్ నహీ హోగా, మాతాజీ", ఇదిక కోలుకోదమ్మా అని, ఒక ఇంజెక్షనుతో నొప్పి లేకుండా వెళ్లిపోయేలా చేయగలనని మెల్లగా చెప్పారు. నేను తల దించుకున్నాను. అదే మంచిదనిపించింది. పిన్ని కాసేపు షేరూ వైపు చూసి, తనకొచ్చిన హిందీలో, "ఖాతా హై, బాబూ. ఖానేవాలే కో కైసే సూయీ దేగా?" అన్నారు. తింటున్నదానికి సూది ఎలా వేయిస్తామని. డాక్టరు వాదించలేదు. తిన్నంతకాలం చూసుకోండి అని, ఎలా చూసుకోవాలో చెప్పారు. మూర్ఛకి మాత్రలు రాసిచ్చారు. ఒకే పక్కన పడుకోబెడితే పుళ్లు పడతాయి, పక్క మారుస్తూ ఉండాలన్నారు. కళ్లు బోరిక్ నీళ్లతో కడగమన్నారు. పిన్ని ప్రతిదీ రెండుసార్లు చెప్పించుకున్నారు. తిరిగి వస్తుంటే రిక్షాలో నాతో, "నాకీ పని రాదు పాపా. నువ్వు కూడా ఇనుకున్నావు కదా, నాను మర్సిపోతే సెప్పు" అన్నారు.

నిజంగానే ఆవిడకి రాలేదు. మొదటిరోజే గంజి తిన్నగా నోట్లో పోసేసరికి షేరూకి పొలమారి, ఊపిరాడక, కళ్లు తేలేసింది. డాక్టరు దగ్గరికి మళ్లీ పరుగు. ఆయన గట్టిగా మందలించారు. బుగ్గ పక్క నుంచి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి, అది మింగిందని చూసుకున్నాకే రెండో చెంచా అన్నారు. పిన్ని బడిపిల్లలా నిలబడి విన్నారు. ఇంటికొచ్చాక చెంచా పట్టుకుని, దాని గొంతు కదిలేదాకా అలా చూస్తూ కూర్చునేవారు. పొయ్యి మీద కూర మాడినా లేచేవారు కాదు. నేను వెళ్లి దించేదాన్ని.

వీధిలో సంగతి పాకింది. నురగ కక్కే కుక్క అనగానే అందరికీ పిచ్చికుక్క భయం. ఒక సాయంత్రం ఎదురు వరసలోని మిశ్రాగారు మరో ఇద్దర్ని వెంటేసుకుని వచ్చి, పిల్లలు తిరిగే చోటు, దీన్ని పట్టించేయాలి అని గేటు దగ్గర నిలబడి చెప్పారు. అప్పలస్వామిగారు లోపల ఉన్నారు, బయటికి రాలేదు. పిన్ని మెట్టు మీద కూర్చుని షేరూ కళ్లు తుడుస్తున్నారు. లేవలేదు. "పాగల్ నహీ హై. డాక్టర్ బాబూ బోలా. పూఛ్ లో" అన్నారు. పిచ్చిది కాదని డాక్టరే చెప్పారు, కావాలంటే అడుగుకోమని. మిశ్రాగారు గొంతు పెంచారు. అప్పుడావిడ లేచి గేటుకి తాడు వేసి ముడి బిగించి, "యే గేట్ బంద్ రహేగా. మేరా జబాన్" అన్నారు. ఈ గేటు మూసే ఉంటుంది, నాదీ మాట. ఆయన ఆవిడ మొహం చూసి, వెంట వచ్చినవాళ్లతో వెనుదిరిగారు. పిన్ని మళ్లీ కూర్చుని, దూది ముంచుకుని, "ఆయన పిల్లల బయం ఆయనది. తప్పేటుంది" అన్నారు.

కొన్నాళ్లకి డాక్టరు చెప్పినట్టే వెనక కాళ్లు పడిపోయాయి. ముందు కాళ్ల మీద ఈడ్చుకుంటూ పెరట్లోకి పోవాలని చూసేది. పడుకున్నచోట చేయడం దానికి ఇష్టం లేదు, ఆపుకుని ఆపుకుని మూలిగేది. పిన్ని తన పాత నేతచీర ఒకటి నాలుగు మడతలు వేసి, దాని పొట్ట కిందుగా దూర్చి, ఒక కొస నా చేతికిచ్చారు. "ఎత్తు. మరీ ఎత్తీకు. అది నడుస్తన్నట్టే ఉండాల." అలా ఇద్దరం చెరో వైపూ చీర కొస పట్టుకుని, మధ్యలో షేరూ ముందు కాళ్లతో అడుగులేస్తుంటే, పెరట్లో జామచెట్టు దాకా వెళ్లేవాళ్లం. గోడ మీద నుంచి చూసి ఎవరో ఆడవాళ్లు, "అరే, కుత్తే కో ఝూలా ఝులాతీ హై!" అని పగలబడి నవ్వారు. కుక్కని ఉయ్యాల ఊపుతున్నామని. నాకు సిగ్గుతో మొహం ఎర్రబడింది. పిన్నికి వినబడనే లేదు. ఆవిడ చూపంతా చీర ఎక్కడ ఒరుసుకుంటోందా అనే దాని మీద ఉంది.

తర్వాత నాలుగైదు రోజులు వదలని వాన పట్టింది. జల్లు వరండా అంతా కొట్టి షేరూ కింద పరిచిన గోనెపట్టాలు నానిపోయాయి. ఒకటి పిండి ఆరేసేలోగా రెండోది తడిసేది. షేరూ వణుకుతోంది. పిన్ని గుమ్మంలో నిలబడి వానని చూశారు, కుక్కని చూశారు, నావైపు తిరిగి, "పట్టు పాపా" అన్నారు. ఇద్దరం కలిసి దాన్ని ముందుగదిలోకి మోశాం. గడప దగ్గరికి రాగానే, ఒంట్లో సత్తువ లేనిది కూడా తల వెనక్కి లాగింది. ఇన్నేళ్లూ దాటని గడప. పిన్ని వంగి, దాని మెడ మీద చెయ్యి వేసి, "రా. ఏటీ అన్నులే" అన్నారు. పరిచిన పొడిబట్ట మీద పడుకోబెట్టాక, తడిసిన తన చీర చెంగుతోనే దాని చెవులు తుడిచారు.

అప్పుడు అడిగాను. చాలా రోజులుగా అడగాలని ఉంది. "పిన్నీ, మీకు కుక్కలంటే గిట్టదు కదా. మరి ఇదంతా ఎందుకు చేస్తున్నారు?" ఆ వయసులో నా బుర్ర నిండా కథలే. ఆవిడ మనసులో ఏదో పాత గాయం ఉండి ఉంటుంది, చిన్నప్పుడు ఎవరినో ఇలా చూసుకోలేకపోయి ఉంటారు, అది చెబితే ఇద్దరం ఏడుస్తాం అనుకున్నాను. పిన్ని నావైపు వింతగా చూశారు.

"ఎందుకేటి? అదిలా పడుంది. ఒగ్గీసి ఎలాగెల్తాం?"

"అంటే... ఇప్పుడు ఇష్టం కలిగిందా?"

"ఇష్టం లేదు పాపా. ఆ వోసనకి నాకు అన్నం కూడా దిగదు. ఇష్టం వొచ్చీదాకా ఆగితే దాన్నెవులు తిప్పుతారు?" అని, "సరే, ఆ పక్క నుంచి పట్టు, తిప్పుదాం" అన్నారు.

అంతే. వేరే కథ ఏమీ లేదు. నాకు కొంచెం ఆశాభంగమైందని కూడా గుర్తు. ఆ మాటలో ఏముందో అర్థం కావడానికి నాకు సగం జీవితం పట్టింది.

షేరూ అంటే ప్రాణం పెట్టే అప్పలస్వామిగారు మాత్రం దాని దగ్గరికి రావడం మానేశారు. షిఫ్టు దిగి తిన్నగా క్లబ్బుకి పోయి కూర్చునేవారు. ఇంటికొస్తే పెరటిదారిన వచ్చేవారు. ఆయన సైకిలు చప్పుడు వినగానే షేరూ నిక్కిన చెవి కదిలేది. తల ఎత్తలేక, కళ్లు మాత్రం తలుపు వైపు తిప్పి చూసేది. తలుపు తెరుచుకునేది కాదు. పిన్ని ఇదంతా చూస్తూనే ఉన్నారు, ఆయన్ని ఒక్క మాట సాధించలేదు. ఒక మధ్యాహ్నం ఆయన పెరటి గుమ్మంలో బూట్లు విప్పుతుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డారు.

"ఇప్పకు. ఆ బూట్లతోనే ముందుగదిలోకి రా."

"నాను సూడనేనే."

"నిన్ను సూడమన్నేదు. కల్లు మూసుకో. అది నిన్ను సూసుకుంటాది."

ఆయన చిన్నపిల్లాడిలా వెంట వచ్చారు. గ్రీజు మరకల ప్యాంటుతో, బూట్లతో నేల మీద కూర్చుని నిజంగానే కళ్లు మూసుకున్నారు. షేరూ ముక్కు కదిలింది. మెడ సాచి ఆయన బూటు వాసన చూసింది. తర్వాత నాలుక బయటికి పెట్టి, వేళ్ల దాకా అందక, ఆయన ప్యాంటు అంచు నాకింది. అప్పలస్వామిగారు కళ్లు తెరిచారు. దాని తల ఒళ్లోకి తీసుకుని, వాలిన చెవి నిమిరారు. ఆ తర్వాత, "ఇయాళ కేంటీన్లో పప్పు మాడిపోనాదిరా" అని మొదలుపెట్టారు. పిన్ని వంటింట్లోకి వెళ్లిపోయారు. నేను గోడ దాటి మా ఇంటికి వచ్చేశాను. ఆ రోజు నుంచి గంజి చెంచా ఆయన చేతికి మారింది.

చివరికి ఒక ఉదయం షేరూ నోరు తెరవలేదు. చెంచా పెదవికి తగిలితే మొహం తిప్పుకుంది. బతిమాలినా మింగలేదు. మూర్ఛలు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. అప్పలస్వామిగారు, "ఒక్క సుక్క, ఒక్క సుక్క తాగరా" అని మళ్లీ మళ్లీ పెడుతున్నారు. పిన్ని ఆయన చేతిలోంచి చెంచా తీసుకుని కింద పెట్టారు. "సాలు. అదింక వొద్దంతంది" అన్నారు. పిన్ని చెప్పమంటే మావారు ఆఫీసుకి పోతూ డాక్టరుకి కబురు చెప్పారు. ఆయన పన్నెండు దాటాక స్కూటర్ మీద వచ్చారు. కబురు పంపింది పిన్నే అని తెలిసి ఆయన నేరుగా సంచి తెరిచారు. సూది సిద్ధం చేస్తుంటే పిన్ని కింద కూర్చుని, షేరూ తల తన ఒళ్లో పెట్టుకున్నారు. అప్పలస్వామిగారు దాని ముందుకాలు పట్టుకున్నారు. పిన్ని దాని చెవిలో ఏదో అన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను, నాకు వినిపించలేదు. తర్వాత ఎప్పుడూ అడగలేదు కూడా. దవడలు కొట్టుకోవడం నెమ్మదిగా ఆగిపోయింది. ఎన్నో రోజుల తర్వాత ఆ గదిలో చప్పుడు లేదు. డాక్టరు బయటికి వెళ్లి చేతులు కడుక్కుని, వెళ్లేముందు పిన్నికి నమస్కారం పెట్టారు.

జామచెట్టు పక్కన గొయ్యి తవ్వారు. మిశ్రాగారు కూడా పార తీసుకుని వచ్చి మట్టి లాగారు. నేను గోడకి ఆనుకుని ఏడుస్తున్నాను. పిన్ని నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడువు పాపా. ఏడిసీసినాక రా, ఆ బట్టలన్నీ ఉతకాల" అన్నారు. ఇద్దరం గోనెపట్టాలు, చీరముక్కలు ఉడికించి ఉతికాం. ముందుగది, వరండా ఫినాయిలుతో కడిగాం. సాయంత్రం ఆవిడ తలస్నానం చేసి, దీపం పెట్టి, అన్నం వండారు. ఆ జబ్బు వాసనకి ఇన్నాళ్లూ సరిగా తినలేదేమో, ఆ పూట కడుపునిండా తిన్నారు. అది చూసి నాకు మొదట కష్టంగా అనిపించింది. తర్వాత ఎందుకో ఊరటగా అనిపించింది.

కొన్ని నెలలకి అప్పలస్వామిగారు మరో కుక్కపిల్లని ఎక్కడి నుంచో తెచ్చారు. నల్లది, ముద్దుగా ఉంది. పిన్ని గుమ్మంలోంచే, "నాకు గిట్టదు. ఎవులికైనా ఇచ్చీ" అన్నారు. ఆయన బిర్సానగర్‌లో ఉన్న స్నేహితుడికి ఇచ్చేశారు. షేరూ ఆవిడని మార్చేసిందని చెప్పుకుంటే బాగుండేది. కానీ మారలేదు. వీధికుక్క చీరకి తగిలితే మళ్లీ స్నానం చేస్తూనే ఉన్నారు. ఆయన రిటైరయ్యాక ఇద్దరూ ఊరికి వెళ్లిపోయారు. మేం విశాఖపట్నం వచ్చాక ఎవరో చెబితే తెలిసింది, ఆవిడ పోయారని. మూడురోజుల జ్వరమట. ఎవరిచేతా సేవ చేయించుకోకుండానే వెళ్లిపోయారు.

మావారు ఉద్యోగం విరమించిన కొన్నాళ్లకి పక్షవాతంతో మంచం పట్టారు. ఏళ్ల తరబడి అలాగే ఉన్నారు. చూడటానికి వచ్చినవాళ్లు, "నీకు ఆయనంటే ఎంత ప్రేమమ్మా" అనేవారు. నిజానికి కొన్ని ఉదయాలు ఆయన్ని పక్క మారుస్తున్నప్పుడు నాలో ప్రేమ అనేదే ఉండేది కాదు. అలుపు ఉండేది. విసుగు ఉండేది. ఒక్కోసారి ఆయన మీదే కోపం వచ్చేది. మనసులో అలాంటి ఖాళీ కనబడితే మనిషి హడలిపోతాడు, తను రాయినేమో అనుకుంటాడు. నేను హడలిపోలేదు. ఇష్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదని నాకు ఒకరు చెప్పి ఉన్నారు. దుప్పటి తడిసింది, మార్చాలి. మార్చేదాన్ని. మొహం తుడిచి జుట్టు దువ్వేదాన్ని. దువ్వుతుంటే ఏదో ఒక మధ్యాహ్నం, పోయిందనుకున్న ప్రేమ చెప్పాపెట్టకుండా వచ్చి నా పక్కన కూర్చునేది. అది రాని రోజుల్లో కూడా ఆయన జుట్టు దువ్వే ఉండేది.